రాజధానిగా ఢిల్లీ: కొన్ని ముఖ్య ఘట్టాలు (1857–1950)

ఒక రాజధాని చరిత్రను తేదీల పట్టికగా చదివితే అది పరీక్ష వరకే గుర్తుంటుంది. పాలకులు ఆ నగరాన్ని ఎందుకు ఎంచుకున్నారు, వారు ఆశించింది నెరవేరిందా అనే రెండు ప్రశ్నలతో చదివితే సంఘటనల మధ్య సంబంధం తెలుస్తుంది. ఈ విభాగంలో ఢిల్లీని ఆ విధంగా పరిశీలిద్దాం.

ఢిల్లీ పేరుకున్న బలం

1857 మే 11న మీరట్ నుంచి ఢిల్లీ చేరిన సిపాయిలు మొగల్ చక్రవర్తి రెండో బహదూర్ షాను తమ నాయకునిగా నిలబెట్టారు. అప్పటికి ఆయన అధికారం నామమాత్రమే. అయినా తిరుగుబాటుకు ఆయన పేరు అవసరమైంది. సెప్టెంబరులో నగరాన్ని తిరిగి పట్టుకున్న ఆంగ్లేయులు, 1858లో ఆయనను ఎర్రకోటలోనే విచారించి రంగూన్‌కు పంపివేశారు.

రాజధాని మార్పు: కారణాలు

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. 1905 నాటి బెంగాల్ విభజనలో మార్పును కూడా అక్కడే ప్రకటించారు. ఈ రెండు నిర్ణయాలనూ కలిపి చూడాలి. బెంగాల్‌లో జాతీయోద్యమం తీవ్రంగా ఉంది. కలకత్తా దేశానికి తూర్పు అంచున ఉంది. ఢిల్లీ వేసవి రాజధాని సిమ్లాకు దగ్గర. పైగా మొగలుల వారసులుగా కనిపించే అవకాశం అక్కడే ఉంది.

ఆశించింది నెరవేరిందా?

1912 డిసెంబరు 23న వైస్రాయ్ హార్డింజ్ ఏనుగుపై లాంఛనంగా నగరంలో ప్రవేశిస్తుండగా చాందినీ చౌక్‌లో బాంబు పేలి ఆయన గాయపడ్డాడు. ఉద్యమానికి దూరంగా జరగాలన్న ఆశ ఏడాదికే దెబ్బతిన్నది. రైసినా, మాల్చా వంటి గ్రామాల రైతుల భూములను సేకరించి, లుట్యెన్స్, బేకర్ల రూపకల్పనలో కొత్త నగరం కట్టారు. 1931 ఫిబ్రవరిలో దానిని ప్రారంభించారు. అదే నెల 17న గాంధీజీ వైస్రాయ్ భవనంలో ఇర్విన్‌తో చర్చలకు కూర్చున్నారు. ఇరవై ఏళ్లు కట్టిన నగరంలో బ్రిటిష్ పాలన ఆ తరువాత పదహారేళ్లే సాగింది.

1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులను విచారించిన ఎర్రకోటపైనే 1947 ఆగస్టు 16న నెహ్రూ జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. దేశ విభజన నగర స్వరూపాన్నే మార్చింది. 1941లో సుమారు 9.18 లక్షలున్న ఢిల్లీ జనాభా, శరణార్థుల రాకతో 1951 నాటికి 17.44 లక్షలకు చేరింది. 1950 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర రాజధాని అయింది. వైస్రాయ్ భవనం రాష్ట్రపతి భవన్‌గా మారింది.

రాజధానిని మార్చినంత మాత్రాన ప్రజల అసంతృప్తికి కారణాలు తొలగిపోవు. ఈ విభాగం సారాంశం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1911లో రాజధాని మార్పుకు దారితీసిన కారణాలు వివరించండి.
2. 1858, 1945, 1947 సంఘటనల ఆధారంగా ఎర్రకోట ప్రాధాన్యాన్ని చర్చించండి.