పేరు 427, కొలత 425: కోబ్రా రెప్లికాకు ఏ ఇంజన్ వేయాలి?

కోబ్రా రెప్లికా ఎక్కడ ఆగినా చూడవచ్చినవాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: "బానెట్ కింద ఏముంది?" 427 అని చెబితే గౌరవం, వేరే పేరు చెబితే పెదవి విరుపు. ఆ గౌరవం ఏ లెక్క మీద నిలబడిందో నాలుగు అంకెల్లో చూద్దాం.

1962: పుట్టుకే ఇంజన్ మార్పుతో

ఇంగ్లండ్‌లోని థేమ్స్ డిటన్‌లో ఏసీ కంపెనీ 'ఏస్' అనే తేలికపాటి స్పోర్ట్స్ కారు చేసేది. అందులో చాలావాటికి 2 లీటర్ల, ఆరు సిలిండర్ల బ్రిస్టల్ ఇంజన్ ఉండేది. టెక్సస్‌లో పుట్టిన రేసర్ కారొల్ షెల్బీ 1962లో ఆ కారులోకి ఫోర్డ్ వీ8 ఎక్కించాడు. అదే కోబ్రా. మొదట 260 క్యూబిక్ అంగుళాలు, తర్వాత 289, 1965లో 427. అన్నీ కలిపినా తయారైనవి సుమారు వెయ్యే. అందుకే ఈరోజు అసలు కార్ల కన్నా ఫైబర్ బాడీ రెప్లికాలే ఎన్నో రెట్లు ఎక్కువ.

427: పేరు ఒకటి, కొలత ఒకటి

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఫోర్డ్ 427లో సిలిండర్ వ్యాసం 4.23 అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం 3.78. వ్యాసంలో సగాన్ని వర్గం చేసి, 3.1416తోనూ 3.78తోనూ హెచ్చించి, ఎనిమిది సిలిండర్లకు లెక్క కడితే వచ్చేది 425. ఇప్పుడు ఫోర్డ్‌దే 428 ఇంజన్ తీసుకోండి: 4.13, 3.98. దాని లెక్క 427కు వస్తుంది!

ఇంకో సంగతి. షెల్బీ 427 పేరుతో అమ్మిన రోడ్డు కార్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే ఈ చవకైన 428ను బిగించారు. అసలు కారే అలా వచ్చినప్పుడు, రెప్లికాను ఒక్క అంకెతో తూచడం న్యాయం కాదు.

80 కిలోలు: ముక్కు మీది బరువు

ఇనుప 427 బరువు 290 కిలోలకు అటూ ఇటూ. చిన్న బ్లాకు 302 దాదాపు 210. కారు మొత్తం 1,100 కిలోల చిల్లర ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 80 కిలోలు తగ్గితే మలుపులో ఆ తేడా స్టీరింగ్ పట్టిన చేతికే తెలుస్తుంది. చిన్న బ్లాకు కుటుంబంలోదే అయిన 351 విండ్సర్ తరహాలో, మందపు గోడలతో విడిగా దొరికే బ్లాకును 4.125 వ్యాసానికి తొలిపించి, 4 అంగుళాల స్ట్రోకు ఇచ్చే క్రాంకు వేస్తే 427 క్యూబిక్ అంగుళాలు నిజంగానే వస్తాయి, అదీ తక్కువ బరువులో.

అయితే తెలిసిన కన్ను మోసపోదు. పాత 427లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెడల్పుగా వచ్చి వాల్వ్ కవర్ల కిందికి దూరుతుంది. పుష్‌రాడ్లు దాని గుండానే పైకి వస్తాయి. విండ్సర్‌లో అలా ఉండదు. బానెట్ ఎత్తిన మరుక్షణం గుట్టు తెలిసిపోతుంది.

412, 425: హార్స్‌పవర్ లెక్క

రెండు కార్బురేటర్ల 427కు ఫోర్డ్ చెప్పింది 425 హార్స్‌పవర్. 2011 మస్టాంగ్‌లోని 5 లీటర్ల 'కొయోటీ' ఇంజన్‌కు చెప్పింది 412. పాతదే ఎక్కువనుకోకండి. 1972కు ముందు అమెరికా కంపెనీలు ఇంజన్‌ను విడిగా స్టాండు మీద పెట్టి, కారులో ఉండే సైలెన్సర్ లాంటివి లేకుండానే కొలిచేవి. ఇప్పుడు అన్నీ తగిలించి కొలుస్తారు. అంటే కొయోటీదే పైచేయి. పైగా అది ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో చలిలోనూ చప్పున అందుకుంటుంది. కాకపోతే నాలుగు క్యామ్‌షాఫ్టుల వల్ల దాని తల వెడల్పు. ఇరుకు ఇంజన్ గదిలో కొలిచి మరీ దింపాలి.

చట్టం కూడా కొత్త ఇంజన్ వైపే నెడుతోంది. 2015 నాటి అమెరికా చట్టం ప్రకారం చిన్న తయారీదారు పాతికేళ్లు దాటిన కార్ల రెప్లికాలను ఏడాదికి 325 దాకా అమ్ముకోవచ్చు, కానీ పొగ నిబంధనలు మాత్రం ఇప్పటివే.

మరి ఏది ఎంచుకోవాలి?

బానెట్ ఎత్తి చూపించి మురిసిపోవాలంటే పాత 427. కొండదారిలో తనివితీరా నడపాలంటే చిన్న బ్లాకు. రోజూ ఊళ్లో తిప్పాలంటే కొయోటీ. మూడూ కోబ్రా వంశానికి తగినవే. తగనిది ఒక్కటే: విండ్సర్ బ్లాకు పెట్టి, పక్కన 427 బిళ్ల అంటించి, కొనేవాడికి అసలు సంగతి చెప్పకపోవడం. కారు చేతులు మారే రోజు కాగితం మీద "351 బ్లాకు, 427కు పెంచినది" అని రాసివ్వండి. షెల్బీ దగ్గర 427 అనుకుని 428 కొన్నవాళ్లకు ఆ ఒక్క వాక్యమే దక్కలేదు.