పెద్ద కోర్టు విడాకులివ్వదు!

అమ్మాయి అమెరికాలో ఉంది. అల్లుడితో పడటం లేదు. 'అక్కడి ఫెడరల్ కోర్టులోనే కేసు వేయిస్తే సరి, అన్నీ అదే తేల్చేస్తుంది' అని ధైర్యం చెప్పే బంధువులు మనకి తక్కువేం కాదు. ఆ మాటలో ఉన్న దర్జా అలాంటిది మరి!

నిజానికి అక్కడ రాష్ట్రాల కోర్టులు, ఫెడరల్ కోర్టులు దేని దారిన అవి నడుస్తాయి. మామూలు మనుషుల తగాదా ఫెడరల్ కోర్టు గుమ్మం తొక్కాలంటే అది కేంద్ర చట్టానికి సంబంధించినదై ఉండాలి. లేదా రెండు పక్షాలూ వేర్వేరు రాష్ట్రాల పౌరులై, దావా విలువ 75 వేల డాలర్లు దాటాలి. ఇంత ఉన్నా సరే, విడాకులు, భరణం, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న తీర్పులు ఆ కోర్టు ఇవ్వదు. అవి రాష్ట్ర కోర్టుల పని.

ఈ గీత పాతది. హల్డా బార్బర్ అనే ఆవిడకి భర్త నుంచి విడిగా ఉండేందుకు న్యూయార్క్ కోర్టు అనుమతించి, భరణం కూడా ఖాయం చేసింది. ఆయనగారు అది కట్టకుండా విస్కాన్సిన్ వెళ్లిపోయాడు. ఆవిడ ఊరుకోలేదు. అక్కడి ఫెడరల్ కోర్టుకెక్కింది. 'భర్త ఎక్కడుంటే భార్య నివాసమూ అక్కడే. ఇద్దరం ఒకే రాష్ట్రం వాళ్లమైతే ఈ కేసు ఇక్కడెలా చెల్లుతుంది?' అన్నాడాయన. భార్యని వదిలి వెళ్లినప్పుడు గుర్తురాని బంధం భరణం అడిగేసరికి గుర్తొచ్చింది! 1859లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. కోర్టు తీర్పుతో విడిగా ఉంటున్న భార్యకి సొంత నివాసం ఉంటుందంది. విడాకులివ్వడం, భరణం నిర్ణయించడం తమ పని కాదంటూనే, రాష్ట్ర కోర్టు ఖాయం చేసిన బాకీని మాత్రం వసూలు చేయించవచ్చంది.

1992లో మరో మెట్టు. తన కూతుళ్లని తండ్రి హింసించాడంటూ ఒక తల్లి నష్టపరిహారం కోరితే, కింది కోర్టులు కుటుంబ వ్యవహారమని తిప్పి పంపాయి. అలా పంపడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది.

మన అమ్మాయిలకి ఎక్కువగా పనికొచ్చేది ఐ-864 ఫారం. భార్య గ్రీన్‌కార్డుకి స్పాన్సర్‌గా నిలిచే భర్త దీనిమీద సంతకం చేస్తాడు. పేదరికపు రేఖకి మామూలుగా 125 శాతానికి తగ్గకుండా ఆమెని పోషిస్తానన్న ఒప్పందమిది. విడాకులైనా రద్దు కాదు! ఆమె పౌరసత్వం తీసుకోవడమో, దాదాపు పదేళ్ల పని లెక్కకి రావడమో, దేశం విడిచి వెళ్లిపోవడమో జరిగేదాకా ఉంటుంది. అతను మాట తప్పితే ఫెడరల్ కోర్టులోనూ దావా వేయొచ్చు. అయితే ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో మామూలుగా ఈ ఫారం ఉండదు. హెచ్-4 వీసాకీ ఉండదు.

తప్పు కోర్టుకి వెళితే, ఎదుటి పక్షం ఒప్పుకున్నా ఆ తప్పు మాఫీ కాదు. ఏళ్ల తర్వాతైనా కేసు కొట్టేస్తారు. రాష్ట్ర కోర్టుకీ గడువులున్నాయి. కాలిఫోర్నియాలో విడాకులడగాలంటే భార్యాభర్తల్లో ఒకరైనా రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో మూడు నెలలు ఉండాలి. ఈసారి అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆ ఐ-864 నకలు తన దగ్గర ఉందో లేదో ఒకసారి అడగండి.