నొప్పియు బీమాయు

మూడు మాసములకు మించి వదలని నొప్పిని వైద్యశాస్త్రము దీర్ఘకాలిక వేదన యనుచున్నది. 2022వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థవారి వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకస్థానము లభించినది. మన బీమాపత్రములలో దీనికి లభించిన స్థాన మెట్టిదో పాఠకులు విచారింపవలసియున్నది.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అను వెన్నువ్యాధి సాధారణముగా 45 ఏండ్లలోపుననే ఆరంభమగును. వేకువను నడుము కొయ్యబారును. విశ్రాంతివలన నొప్పి తగ్గదు, వ్యాయామమువలన తగ్గును. ఈ లక్షణములను విచారింపక, ఎమ్మారై చిత్రమును మాత్రము చూచి డిస్కు జారినదని తేల్చుట కలదు. చిత్ర మొక్కటియే ప్రమాణమా? 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందిని పరీక్షింపగా 52 శాతము మందికి డిస్కు ఉబ్బు కానవచ్చినది. కావున ఉబ్బు కనబడినంతమాత్రమున నొప్పికి నదియే మూలమనరాదు. అసలు వ్యాధి తేలుటకు పలువురకు ఏండ్లు గడచుచున్నవి.

ఈలోపల వ్యయ మెవరిది? సామాన్య బీమాపత్రములు ఆసుపత్రిలో చేరినవారికే ఖర్చు నిచ్చును. కేవలము పరీక్షలకొరకు చేరినచో ఈయవు. ఇది పత్రములందు వ్రాయబడిన మినహాయింపే. వైద్యుని రుసుము, రక్తపరీక్షలు, మాత్రలు రోగియే భరింపవలెను. తప్పు నిర్ణయముపై జరిగిన శస్త్రచికిత్సకు మాత్రము సొమ్ము దొరకవచ్చును. రోగమును కనుగొనుటకు కాసు లేదు. కనుగొనకయే కోయుటకు లక్షలు గలవు! ఆ లక్షలును ప్రీమియముల రూపమున మన మందరము చెల్లించునవే.

పిమ్మట అసలు వ్యాధి తేలినప్పుడు, అది మునుపే కలదను వాదము బయలుదేరును. 2024లో బీమా నియంత్రణసంస్థవారు పూర్వవ్యాధుల నిరీక్షణకాలపు గరిష్ఠపరిమితిని 4 సంవత్సరములనుండి 3కు తగ్గించిరి. 5 సంవత్సరము లెడతెగక సాగిన ఆరోగ్యబీమాను, మోసము ఋజువైననే తప్ప, ప్రశ్నింపరాదనియు శాసించిరి. ఇది మెచ్చదగినదే, కాని చాలదు.

వైద్యుని సలహాపై జరుగు నిర్ణయపరీక్షలకు బీమా వర్తింపవలెను. వెన్నుశస్త్రచికిత్సకు ముందు రెండవ వైద్యుని అభిప్రాయమునకగు రుసుమును కంపెనీలే భరింపవలెను. ఇవి మా కోరికలు. ప్రజలును బీమా తీసికొనునపుడు పాతనొప్పిని దాచరాదు. ప్రతి వైద్యపుచీటిని భద్రపరుపవలెను. సొమ్ము నిరాకరింపబడినవారు మొదట కంపెనీకి వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, అచ్చట న్యాయము దొరకనిచో బీమా అంబుడ్స్‌మన్ నాశ్రయింపవచ్చును. హైదరాబాదున కార్యాలయము కలదు, రుసుము లేదు. హక్కు నెరిగియు ఊరకుండుట నష్టమును రెట్టింపు చేసికొనుటయే.