నున్నటి రంగు కింద అతుకు భద్రమేనా?
పాత అంబాసిడర్ల ఆయువు వెల్డింగ్ తరువాతి పనిలోనే

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ కార్ల ఉత్పత్తి నిలిచిపోయింది. బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ రూపొందించిన ఈ కారు, అర్ధ శతాబ్దికి పైగా మంత్రులకూ, అధికారులకూ, టాక్సీ డ్రైవర్లకూ ఆధారమైంది. ముంబైలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. ఇక కొత్తవి రావు గనుక ఉన్నవాటిని కాపాడుకోవడమే అభిమానులకు మిగిలిన మార్గం. అయితే ఇంజను బాగుచేయించడం కంటే బాడీని నిలబెట్టడమే కష్టసాధ్యం.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. 50 ఏళ్లు పైబడి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనాలకే ఆ గుర్తింపు లభిస్తుంది. కాబట్టి అసలు బాడీని వీలైనంతవరకూ నిలుపుకుంటూ, తుప్పు తిన్న మేరకే కోసి కొత్త రేకు అతికించవలసి ఉంటుంది.

బరువు మోసేది బాడీయే

లారీకి ఉన్నట్లు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. తలుపుల కింద పెట్టె ఆకారంలో సాగే భాగాలు, నేల రేకు, స్తంభాలు కలిసి కారు బరువును మోస్తాయి. వీటిలో వేసిన అతుకు బలహీనమైతే, పైన ఎంత మెరుపు ఉన్నా ప్రమాద సమయంలో ప్రయాణికులకు రక్షణ కొరవడుతుంది.

గ్యాస్ వెల్డింగ్‌లో వేడి విశాలంగా పాకి రేకు వంకర తిరుగుతుంది. నేడు వాడుకలో ఉన్న సీఓటూ వెల్డింగ్‌లో వేడి తక్కువ చోటికి పరిమితమైనా, అతుకు గట్టిగా, ఎత్తుగా లేస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన టింకరింగ్ పనివారు ఒకే గీతగా వెల్డింగ్ చేయరు. దూరదూరంగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, క్రమంగా మధ్య ఖాళీలు పూరిస్తారు.

తరువాత గ్రైండింగ్. సుమారు ఒక మిల్లీమీటరు మందమున్న రేకు మీద గ్రైండర్ రాయి ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా అతుకు పక్కనున్న రేకు పలుచబడిపోతుంది. రేకు నీలంగా మారితే వేడి మితిమీరినట్లే. అతుకు ఎత్తును మాత్రమే తగ్గించి, ఫ్లాప్ డిస్కుతో కొద్దికొద్దిగా సమం చేయడం మేలు. బరువు మోసే చోట, బయటకు కనిపించని అతుకును పూర్తిగా చదును చేయకుండా వదలడమే ఉత్తమం.

లప్పం నీటిని ఆపదు

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వెల్డింగ్‌లో సూదిమొన అంత రంధ్రాలు మిగలడం సాధారణం. చీకట్లో రేకు వెనుక దీపం పెడితే అవి బయటపడతాయి. వాటిని మళ్లీ వెల్డింగ్‌తో మూయకుండా లప్పం పూస్తే కంటికి లోపం కనిపించదు. కానీ పాలియెస్టర్ లప్పం తేమను పీల్చుకుంటుంది. వెనుక నుంచి చేరిన నీరు రేకును తినడం మొదలుపెడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లప్పం ఉబ్బి, రంగు పొక్కులు పొక్కుతుంది. ఉప్పుగాలి వీచే చెన్నై, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు, క్రమం తప్పకపోవడమే ముఖ్యం. రేకును శుభ్రపరచి, జిడ్డు తీసి, ముందుగా ఎపాక్సీ ప్రైమర్ పూయాలి. లప్పం దాని మీద పలుచగా ఉండాలి. కీళ్ల వద్ద సీలర్ నింపాలి. ఒక రేకు మీద మరో రేకు వచ్చే చోట వెల్డింగ్‌కు ముందే జింకు ప్రైమర్ పూయాలి. పెట్టె భాగాల లోపలికి మైనం వంటి రక్షక ద్రవాన్ని పిచికారీ చేయాలి. రంగు కంటే ఈ చివరి పనే బాడీ ఆయువును నిర్ణయిస్తుంది. కంటికి కనిపించదు గనుక ఎగ్గొట్టేదీ దీన్నే.

పనివారి ఆరోగ్యాన్ని కూడా విస్మరించరాదు. పాత రంగుల్లోనూ, పూర్వం అతుకులు నింపిన సీసంలోనూ విషం ఉంది. జింకు పూసిన రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. ముఖానికి తగిన మాస్కు, కళ్లకు అద్దాలు, గాలి ఆడే షెడ్డు తప్పనిసరి.

కొనేవారు చేయదగిన పరీక్షలు సులభమే. బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతం రేకుకు అంటుకుని, ఒకచోట మాత్రం జారిపోతే అక్కడ లప్పం మందంగా ఉన్నట్లే. వేలితో కొట్టినప్పుడు శబ్దం మొద్దుబారినా అనుమానించాలి. కారును ఎత్తి అడుగు భాగం, కార్పెట్ తీసి నేల రేకు చూడాలి. బాగుచేయించేవారు లప్పం పూయకముందే అతుకులను స్వయంగా పరిశీలించి, ప్రతి దశకూ ఫొటోలు తీయించుకోవాలి. రంగు ఎక్కిన తరువాత అడిగినా, తెలుసుకునే దారి ఉండదు.