హ్యాండిల్ తిప్పితే గాండ్రించే పులి!

తెల్లదొరను నేలకేసి అదిమిపట్టి మెడ కొరుకుతోంది ఓ పులి. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే చాలు, పులి గాండ్రిస్తుంది. దొర కుయ్యో మొర్రోమంటాడు. అంతేనా... ప్రాణం పోతున్నట్టు చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తాడు! ఇదేదో ఇప్పటి బ్యాటరీ బొమ్మ కాదు. రెండు వందల ఏళ్లు దాటిన విచిత్రం. చేయించినవాడు మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్.

టిప్పుకు పులంటే ప్రాణం. సింహాసనం, కత్తి పిడి, సైనికుల దుస్తులు... ఎక్కడ చూసినా పులి బొమ్మలో, పులిచారలో ఉండాల్సిందే. ఇంగ్లిషువాళ్ల మీద కసిని కూడా పులి చేతే చెప్పించాడు.

కడుపులో సంగీతం

కొయ్యతో చేసి రంగులద్దిన ఈ బొమ్మ ఎత్తు సుమారు 71 సెంటీమీటర్లు. లోపలంతా గాలితిత్తులు, గొట్టాలే. హ్యాండిల్ తిరిగితే తిత్తిలోని గాలి దొర గొంతులోని గొట్టంలో దూరి మూలుగవుతుంది. పులి తలలోని గొట్టాలది గాండ్రింపు పని. ఇంకో తమాషా ఏమిటంటే, పులి పక్కనున్న తలుపు తీస్తే హార్మోనియానికి ఉన్నట్టు మీటలు కనిపిస్తాయి. 18 స్వరాల చిన్న ఆర్గాన్ అది!

లండన్‌లోనూ అదే గోల

1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది. టిప్పు యుద్ధంలోనే నేలకొరిగాడు. రాజభవనంలోని వాద్యాల గదిలో దొరికిన పులిని కంపెనీవాళ్లు ఓడెక్కించారు. 1808 నుంచి లండన్‌లోని కంపెనీ భవనంలో ప్రదర్శనకు పెట్టారు. చూడొచ్చిన ప్రతివాడూ హ్యాండిల్ తిప్పడమే! పక్కనే చదువుకునేవాళ్లకు ఆ అరుపులతో ఒకటే తలనొప్పి. కొన్నాళ్లకు హ్యాండిలే మాయమైంది. కవి జాన్ కీట్స్ సైతం తన కవితలో ఈ పులిని తలచుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో పైకప్పు కూలి మీద పడటంతో పులి ముక్కలైంది. మళ్లీ అతికించి 1947లో జనం ముందుకు తెచ్చారు. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. వచ్చినవాళ్లు హ్యాండిల్ తిప్పడానికి వీల్లేదు.

అంతదూరం వెళ్లలేనివాళ్లు బెంగళూరులోని టిప్పు వేసవి విడిదిలో దీని నమూనా చూడొచ్చు. అసలుది మాత్రం ఇంకా అక్కడే. దొరను కరిచిన పులి చివరికి దొరల ఊళ్లోనే బందీ అయింది!