కూలిన విమానాలు నేర్పిన పాఠాలు
(రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రెంచి విమానయానం)



సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు మనం డాబా మీద ఉన్నప్పుడు ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పుస్తకం ఉన్నా, అన్నం పళ్లెం ఉన్నా తలెత్తి చూస్తాం. మనలో చాలామందిమి ఇంకా విమానం ఎక్కలేదు. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు ఉద్యోగరీత్యా ఎక్కారు. ఈనాడు ఆ ప్రయాణం ఎంతో భద్రమైనది. ఈ భద్రత ఊరికే రాలేదు. దీని వెనుక ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1918 నుంచి 1939 వరకు ఫ్రాన్సు దేశపు విమానయానంలో జరిగిన కొన్ని ప్రమాదాలను, వాటి నుంచి మనుషులు నేర్చుకున్న విషయాలను తెలియజేయడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆనాటి విమానాలు ఎలా ఉండేవి?

1918 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. యుద్ధం కోసం తయారైన విమానాలనే ఉత్తరాలు మోయడానికి, ప్రయాణికులను చేరవేయడానికి వాడసాగారు. పేరు పొందిన ఫార్మన్ గోలియత్ కూడా మొదట బాంబులు వేయడానికి రూపొందించినదే. చాలా విమానాల్లో రేడియో లేదు. పైలట్ కింద కనిపించే రోడ్డును, రైలు పట్టాలను, నదిని చూసుకుంటూ దారి తెలుసుకునేవాడు. మబ్బు పట్టితే దారి కనిపించడం కోసం ఇంకా కిందికి దిగి నడిపేవాడు.

ఒకే దారిలో ఎదురెదురుగా

1922 ఏప్రిల్ 7న పారిస్ దగ్గరి లె బూర్జే విమానాశ్రయం నుంచి ఒక ఫ్రెంచి గోలియత్ లండన్ వైపు బయలుదేరింది. అందులో పైలట్, మెకానిక్, ముగ్గురు ప్రయాణికులు ఉన్నారు. ప్రయాణికుల్లో ఇద్దరు కొత్తగా పెళ్లయిన అమెరికా దంపతులు. అదే సమయంలో లండన్ దగ్గరి క్రాయ్‌డన్ నుంచి ఒక బ్రిటిష్ టపా విమానం పారిస్ వైపు వస్తోంది. అందులో పైలట్, అతనికి సహాయకుడిగా ఒక కుర్రవాడు. ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ ప్రాంతంలో పొగమంచు, తుంపర. రెండు విమానాలూ సుమారు 150 మీటర్ల ఎత్తులోనే ఎగురుతున్నాయి. ఒకరికొకరు కనిపించేసరికి ఆలస్యమైపోయింది. రెండూ ఢీకొన్నాయి. ఏడుగురూ చనిపోయారు. ప్రయాణికుల విమానాలు ఆకాశంలో ఢీకొనడం ప్రపంచంలో అదే మొదటిసారి.

తర్వాత ఏం జరిగిందో గమనించండి. విమాన సంస్థల వాళ్లు క్రాయ్‌డన్‌లో సమావేశమయ్యారు. తప్పు ఫ్రెంచివాడిదా, ఆంగ్లేయుడిదా అని తగువులాడుకుని లేచిపోలేదు. విమానాలు దారికి కుడి పక్కగా వెళ్లాలని, విమానాల్లో రేడియో ఉండాలని, దేశాల మధ్య గాలిదారులను స్పష్టంగా నిర్ణయించాలని తీర్మానించారు. రోడ్డు మీద బండి ఒక పక్కగా పోవాలనే మామూలు నియమం ఆకాశంలోకి ఎక్కడానికి ఏడు ప్రాణాలు పోవలసి వచ్చింది.

ఎడారి, మంచుకొండ

1918 డిసెంబరులో తులూజ్ నగరం నుంచి లాతెకోయెర్ అనే పారిశ్రామికవేత్త టపా విమానాల మార్గం ప్రారంభించాడు. 1925 నాటికి అది ఆఫ్రికాలోని డాకర్ దాకా సాగింది. ఆ దారిలో నడిచిన బ్రెగే 14 విమానానికి ఒకే ఇంజను. పైలట్ కూర్చునే చోట పైకప్పు కూడా లేదు. ఇంజను ఆగితే సహారా ఇసుకలో దిగవలసిందే. అక్కడ దాహంతో చనిపోవచ్చు, ఎడారి తెగల చేతికి చిక్కవచ్చు. అందుకని ఆ ఎడారి తీరం మీద రెండు విమానాలను జంటగా పంపేవారు. ఒకటి దిగిపోతే రెండోది దిగి వాళ్లను ఎక్కించుకోవాలి. ఇంజను చెడిపోదని నమ్మి కాక, చెడిపోతుందని ముందే అనుకుని చేసిన ఏర్పాటు ఇది.

తర్వాత ఈ సంస్థ దక్షిణ అమెరికాకూ విస్తరించింది. 1930 జూన్ 13న అంరి గియోమే అనే పైలట్ ఆండీస్ పర్వతాలు దాటుతూ మంచు తుఫానులో చిక్కి, ఒక సరస్సు ఒడ్డున దిగాడు. విమానం తలకిందులైంది. తుఫాను తగ్గేదాకా ఆగి, తర్వాత ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు మంచులో నడిచాడు. పడిపోయినప్పుడు అతనికి భార్య గుర్తుకు వచ్చింది. శవం దొరకకపోతే బీమా సొమ్ము ఆమెకు నాలుగేళ్ల దాకా అందదు. కనీసం శవం దొరికే చోటికైనా చేరాలని లేచి నడిచాడు. చివరికి ప్రాణాలతో బయటపడ్డాడు. అతని మిత్రుడు, రచయిత అయిన సాంతెక్సుపెరి 1939లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు.

పెద్దవాళ్లున్నా తుఫాను ఆగలేదు

ఎయిర్ ఫ్రాన్స్ సంస్థ 1933లో ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన 'ఎమెరాద్' (పచ్చ అని అర్థం) అనే మూడు ఇంజన్ల కొత్త విమానం సైగాన్ వెళ్లి తిరిగి వస్తోంది. అందులో పదిమంది ఉన్నారు. ఇండోచైనా గవర్నర్ జనరల్ పాస్కియే, ఫ్రాన్సు పౌర విమానయాన శాఖాధిపతి షోమియే, తూర్పు దేశాలకు విమాన మార్గం వేసిన నోగెస్ అందులోనే ఉన్నారు. 1934 జనవరి 15 సాయంత్రం వాతావరణం బాగా లేకపోయినా లియోన్ నుంచి పారిస్‌కు బయలుదేరారు. కోర్బిన్యీ అనే ఊరి దగ్గర మంచు తుఫానులో విమానం కూలింది. పదిమందీ మరణించారు.

మంచు తుఫాను ఎందుకంత ప్రమాదం? రెక్కల మీద మంచు పేరుకుంటే బరువు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా రెక్క ఆకారం మారి, విమానాన్ని పైకి లేపే శక్తి తగ్గిపోతుంది. మబ్బుల్లో నేల కనిపించకపోతే మరొక చిక్కు. సమతూకం తెలిపే భాగం మన చెవి లోపల ఉంటుంది. నెమ్మదిగా తిరిగే మలుపును అది పసిగట్టలేదు. విమానం వంగి తిరుగుతున్నా పైలట్‌కు నిటారుగా పోతున్నట్లే ఉంటుంది. అందుకే తన ఒంటిని కాకుండా జైరోస్కోపుతో పనిచేసే పరికరాలను నమ్మడం పైలట్లు నేర్చుకోవలసి వచ్చింది.

జవాబు దొరకని ప్రమాదాలు

1927 మే 8న నుంజెసేర్, కోలి అనే వీరులు 'తెల్ల పక్షి' అనే విమానంలో లె బూర్జే నుంచి న్యూయార్క్‌కు బయలుదేరారు. బరువు తగ్గించడానికి రేడియో పెట్టుకోలేదు. గాలిలోకి లేచాక చక్రాలను కూడా వదిలేశారు. వాళ్లు మళ్లీ కనిపించలేదు. పన్నెండు రోజుల తర్వాత అమెరికన్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి బయలుదేరి, మర్నాడు రాత్రి అదే లె బూర్జేలో దిగాడు.

1936 డిసెంబరు 7న మహా పైలట్ మెర్మోజ్ మరో నలుగురితో డాకర్ నుంచి అట్లాంటిక్ దాటడానికి బయలుదేరాడు. ప్రొపెల్లర్‌లో లోపం కనిపించి వెనక్కి వచ్చాడు. మరమ్మతు చేయించి ఆ ఉదయమే మళ్లీ బయలుదేరాడు. వెనుక కుడి ఇంజను ఆపుతున్నామని 10 గంటల 47 నిమిషాలకు రేడియోలో తెలిపారు. అదే చివరి కబురు.

సముద్రంలో మునిగినదాన్ని ఎవరు పరీక్షిస్తారు? విమానం తనకు జరిగినదాన్ని తానే రాసుకోగలిగితే? 1939లో మరిన్యాన్ పరీక్షా కేంద్రంలో హుస్సెనో, బోదువాన్ అనే ఇంజనీర్లు విమానం ఎత్తు, వేగం వంటివి ఫోటో ఫిల్ము మీద నమోదు చేసే పరికరం తయారు చేశారు. కొత్త విమానాలను పరీక్షించడానికి చేసిన ఆ పరికరం నేటి 'బ్లాక్ బాక్స్'కు పూర్వీకుల్లో ఒకటి. ఫ్రాన్సులో ప్రమాదాలను పరిశోధించే ప్రత్యేక సంస్థ 1946లో ఏర్పడింది. 1951లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కూడా ప్రమాద పరిశోధనకు నియమాలు చేసింది. ఆ పరిశోధన ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడడమే గాని, ఎవరినో దోషిగా నిలబెట్టడం కాదని అవి చెబుతాయి.

మనకు ఏమిటి?

మిత్రులారా! స్విచ్ బోర్డులో నిప్పురవ్వ వస్తే మనం మొదట అడిగే ప్రశ్న "ఎవడ్రా చేసింది?" అని. ఆ ప్రశ్న వినగానే అందరి నోళ్లూ మూతపడతాయి. వైరు మాత్రం అలాగే వేలాడుతుంది. "ఎందుకు జరిగింది?" అని అడిగితే, చూసిన చిన్న తమ్ముడు కూడా భయం లేకుండా ముందుకు వచ్చి చెబుతాడు. రేపు మనలో ఒకరు లైన్‌మన్ కావచ్చు, నర్సు కావచ్చు, విమానం బాగుచేసే ఇంజనీరూ కావచ్చు. ఏ పనిలో ఉన్నా ఆ రెండో ప్రశ్ననే ముందు అడుగుదాం. పికార్డీ పొలాల్లో పడిపోయిన ఆ సహాయక కుర్రవాడు మన ఈడువాడే అనుకుని, అతన్ని ఒకసారి తలచుకుందాం.