జీపు ఎత్తు పెరిగితే

రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు నాలుగు మూలలా కమాన్ కట్టల మీద నిలబడేది. ఉక్కు పట్టీలు పేర్చి బిగించిన ఆ కట్ట బరువు మోసేది, గతుకుల్లో వంగి లేచేది, ఇరుసు అటూ ఇటూ జరక్కుండా పట్టి ఉంచేది. మూడు పనులూ ఒక్కటే చేసేది. అలాంటి బండిని పైకి లేపడం పెద్ద విద్య కాదు. వంపు ఎక్కువున్న కట్టలు వేస్తే చాలావరకు పని అయిపోయేది. అయితే పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల చిన్న గతుకు కూడా నడుముకి తెలిసేది.

1970లో బ్రిటన్‌లో వచ్చిన రేంజ్ రోవర్ గట్టి ఇరుసులనే ఉంచుకుని, కాయిల్ స్ప్రింగులు పెట్టుకుంది. చక్రం గోతిలోకి బాగా దిగి నేలను అందుకోగలిగింది. జీపు రాంగ్లర్‌కి ఆ భాగ్యం 1997 మోడల్‌తో పట్టింది. అభిమానులు టీజే అని పిలుచుకునేది ఆ బండినే.

కాయిల్ స్ప్రింగుకి పైకీ కిందికీ తప్ప మరో దిక్కు తెలియదు. అందుకే ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా కంట్రోల్ ఆర్మ్‌లు, పక్కకు పోకుండా ట్రాక్ బార్ వచ్చి చేరాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగు అంగుళాలు లేపే స్ప్రింగులు వేస్తే బండి లేస్తుంది గానీ, ఈ కడ్డీల పొడవు పాతదే కదా! ట్రాక్ బార్ ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస ఇరుసుకి ఉంటుంది. ఛాసిస్ లేచేసరికి బార్ ఏటవాలై, ఇరుసును తన ఛాసిస్ కొస ఉన్న వైపు లాక్కుంటుంది. ముందు చక్రాలు బండికి నడిమధ్య ఉండవు. ఆర్మ్‌లు కూడా ఏటవాలై ఇరుసును కొంచెం తిప్పేస్తాయి. దాంతో స్టీరింగు వదలగానే తనంతట తాను తిన్నగా వచ్చే గుణం తగ్గి, రోడ్డు మీద బండి తూలుతుంది.

టీజేలో మరీ బాధపడేది వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్. అది పొట్టిది కాబట్టి కొద్ది ఎత్తుకే కోణం నిటారవుతుంది. షాఫ్ట్ కొసన కోణంలో తిరిగే క్రాస్ జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. అటుపక్క, ఇటుపక్క కోణాలు సమానంగా లేకపోతే ఆ తేడా వణుకై సీటు దాకా వస్తుంది. ఈ జాయింటుకి ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుంది. ఎంత బరువుకి అంత సాగుతుందని 1678లో స్ప్రింగు సూత్రం ప్రచురించిందీ ఆయనే. స్ప్రింగు ఎంచుకోవడానికి ఈనాటికీ ఆ సూత్రమే ఆధారం: అంగుళం కుంగడానికి 100 కిలోలు కావలసిన స్ప్రింగు మీద విన్చ్, ఉక్కు బంపరు కలిసి 50 కిలోలు మోపితే అర అంగుళం కుంగుతుంది. ఆ బరువులు రాకముందే గట్టి స్ప్రింగులు వేసుకుంటే బండి కర్రలా ఎగురుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. స్ప్రింగులు మార్చినంత మాత్రాన ఇరుసు మధ్య వేలాడే డిఫరెన్షియల్ ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. దాన్ని లేపేది టైరే. 31 అంగుళాల టైరు తీసి 33 వేస్తే లేచేది అంగుళమే. స్ప్రింగులు ఆ టైరుకి చోటిస్తాయి, బండి పొట్టను రాయికి తగలనివ్వవు. కనుక ముందు టైరు నిర్ణయించుకుని, దానికి చాలినంత ఎత్తే పెంచాలని నా అభిప్రాయం. పెంచిన ప్రతి అంగుళానికీ గురుత్వ కేంద్రం పైకి జరిగి, పక్కవాలులో బండి బోల్తాకి దగ్గరవుతుంది. మన దేశంలోనైతే బండిలో చేసే మార్పులకు సంబంధించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌నూ చూసుకోవాలి.

షాక్ అబ్జార్బర్లు చివర్లో కొనాలి. స్ప్రింగు తీసేసి, ఇరుసును జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా లేపి ఒక కొలత, స్ప్రింగు తిరిగి పెట్టి, అది జారిపోని మేరకు ఇరుసును దించి ఇంకో కొలత తీసుకోవాలి. షాక్ ముడుచుకున్నప్పటి పొడవు మొదటి కొలత కంటే తక్కువుండాలి, సాగినప్పటి పొడవు రెండోదానికి సరిపోవాలి. ఇరుసు అలా దిగి ఉన్నప్పుడే బ్రేకు గొట్టం బిగుసుకుందేమో వేలితో తడిమి చూడాలి.